గుర్రప్పిల్ల ఉచ్చ పోయట్లేదా? సూది వేయించే ముందు ఇవి చూడండి

మహబూబ్‌నగర్ చుట్టుపక్కల గుర్రం ఉన్న ఇల్లంటే ఇప్పుడు దాదాపుగా పెళ్లి బరాత్‌ల ఇల్లే. మాకూ మూడు గుర్రాలున్నాయి, సీజన్‌లో జడ్చర్ల, కల్వకుర్తి, అప్పుడప్పుడు దేవరకొండ దాకా తిప్పుతాం. బ్యాండు మోతకు బెదిరిన గుర్రాన్ని ఎట్లా పట్టుకోవాలో తెలుసు గానీ, పుట్టిన పిల్లను ఎట్లా చూసుకోవాలో చాలా రోజులు మాకు తెలియదు. నాలుగేళ్ల కింద తెల్లవారుజామున మగపిల్ల పుట్టింది, గంటలో లేచి నిలబడింది, పాలు తాగింది, ఇంటిల్లిపాదీ ఖుషీ. మూడో రోజు పొద్దుట్నుంచి డల్‌గా ఉంది. కాళ్లు చాపి ముక్కుతోంది, రెండు చుక్కలు పడుతున్నాయి, అంతే. "ఉచ్చ బంద్ అయిందే, సూది ఏపిద్దాం" అన్నాడు మా కాక. పిలిస్తే వచ్చినాయన కూడా అదే మాట అని ల్యాసిక్స్ (ఉచ్చ ఎక్కువగా తయారయ్యేలా చేసే సూది) వేశాడు, సాయంత్రం మళ్లీ ఇంకోటి వేశాడు. నాలుగో రోజు పొద్దునకు పిల్ల లేదు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరమ్మ పొట్ట కోయగానే నీళ్లు ధారగా వచ్చాయి, కింద పెట్టిన బకెట్ సగం దాకా నిండింది. "ఇదంతా ఉచ్చే" అంది. కిడ్నీలు బాగానే పనిచేశాయి, ఉచ్చ బాగానే తయారైంది, మూత్రాశయం చిరిగి అదంతా పొట్టలోకి పోయింది. మేం సూది వేయించి ఆ పొట్టలోకే ఇంకాస్త పోయించాం.

అప్పట్నుంచి నాకు ఒకటే ప్రశ్న అలవాటైంది. పిల్ల ఉచ్చ పోయట్లేదంటే, దాన్ని ఎట్లా పోయించాలి అని కాదు, అది ఎటు పోతోంది అని అడగాలి. అసలు తయారవుతుందా, తయారై ఉచ్చ సంచిలోనే (మూత్రాశయంలోనే) ఆగిందా, బొడ్డులోంచి కారుతోందా, పొట్టలోకి పోతోందా? నాలుగూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, నాలుగింటికీ వైద్యం వేరు.

ఇంకో మాట. మనది గొర్రెల జిల్లా. దాణా ఎక్కువైన పొట్టేలుకు రాయి అడ్డుపడి ఉచ్చ ఆగిపోవడం ఊళ్లో అందరూ చూసినోళ్లే, కాబట్టి గుర్రప్పిల్ల ముక్కినా వెంటనే "రాయి" అంటారు. మూడు రోజుల పిల్లకు రాళ్లు ఏర్పడేంత టైమే లేదు. నల్గొండ వైపు చుట్టాలైతే ఫ్లోరైడ్ నీళ్ల వల్ల అంటారు. ఆ నీళ్లు ఎముకల్నీ పళ్లనీ పాడుచేసే మాట నిజమే గానీ ఈ పిల్ల ఇంకా ఒక్క గుక్క నీళ్లు కూడా తాగలేదు, దానికి తెలిసింది తల్లి పాలే.

ముందు: పుట్టిన గంట నుంచీ టైమ్ రాసిపెట్టుకోండి

ఫోన్‌లో రాస్తారో గోడ మీద బొగ్గుతో రాస్తారో మీ ఇష్టం. పిల్ల గంటలోపు నిలబడాలి, రెండు గంటల్లోపు పాలు తాగాలి, తల్లికి మూడు గంటల్లోపు మాయ పడాలి. మగపిల్ల మొదటి ఉచ్చ సుమారు ఆరు గంటలకు పోస్తుంది, ఆడపిల్లకు పది పదకొండు గంటలు కూడా పట్టొచ్చు. ఆడది ఎనిమిది గంటలైనా పోయలేదని హైరానా పడి డాక్టర్‌కు ఫోన్ కొట్టినోణ్ణి నేను, మీరు అంత తొందరపడొద్దు. పన్నెండు గంటలు దాటినా ఏమీ లేకపోతే మాత్రం ఫోన్ చేయాల్సిందే.

మొదటిసారి వచ్చే ఉచ్చ కొంచెం చిక్కగా, పసుపుగా ఉంటుంది. ఆ తర్వాత నీళ్లలా తెల్లగా రావాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల రోజుకు తన బరువులో ఇరవై నుంచి ఇరవై ఐదు శాతం పాలు తాగుతుంది, కిలో బరువుకు దాదాపు 150 మిల్లీలీటర్ల ఉచ్చ పోస్తుంది. మన నాటు గుర్రాల పిల్ల 30 కిలోలుందనుకోండి, రోజుకు నాలుగు లీటర్ల పైమాటే. అంటే అది మాటిమాటికీ పోస్తూనే ఉండాలి. నిద్ర లేస్తుంది, తల్లి కింద దూరి తాగుతుంది, కాసేపటికి పోస్తుంది. మూడు నాలుగు గంటలు కొట్టంలో కూర్చున్నా ఒక్కసారి కూడా కనపడలేదంటే అనుమానించాలి.

మగపిల్ల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. మొదటి రోజుల్లో చాలా మగపిల్లలకు అంగం తోలులోంచి బయటికి రాదు, లోపలే పోస్తుంది, తోలు తడిసి చుక్కలుగా పడుతుంది. అది జబ్బు కాదు. ఏదో అతుక్కుపోయిందని చేత్తో లాగి బయటికి తీసే పని అసలు పెట్టుకోవద్దు, మెల్లగా అదే విడిపోతుంది.

ముక్కేటప్పుడు నడుము చూడండి

పుట్టిన పిల్ల తోక లేపి ముక్కుతుంటే రెండు కారణాలుండొచ్చు. ఒకటి తొలి లద్ది ఇరుక్కోవడం, రెండు ఉచ్చ. పక్కకు నిలబడి నడుము చూడండి. లద్దికి ముక్కే పిల్ల నడుమును పైకి విల్లులా వంచి కాళ్లు కింద చేర్చుకుంటుంది. ఉచ్చకు ముక్కే పిల్ల ముందు కాళ్లు ముందుకు, వెనక కాళ్లు వెనక్కు చాపి నడుమును కిందికి దించుతుంది, వడ్రంగి కట్టె కోసేటప్పుడు వాడే బల్లలా కనిపిస్తుంది. మా పిల్ల రెండో రకంగానే నిలబడింది. అప్పుడు నాకు తేడా తెలియదు.

తొలి లద్ది నల్లగా, జిగటగా, తారులా ఉంటుంది. ఒక రోజులోపు అదంతా వచ్చి, పాల లద్ది పచ్చగా మొదలవ్వాలి. రాకపోతే గోరువెచ్చని నీళ్లలో కాస్త మెత్తటి సబ్బు కలిపి, మెత్తని రబ్బరు గొట్టంతో, బాటిల్ పైకెత్తి దానంతట అది దిగేలా ఎనిమా ఇవ్వొచ్చు. గొట్టం తోయొద్దు, నీళ్లు పిచికారీ కొట్టినట్టు కొట్టొద్దు, అక్కడి పొర చాలా పల్చన. రెండోసారికీ రాకపోతే డాక్టర్ పని. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, లద్ది కోసం గంటల తరబడి ముక్కిన పిల్లకు ఆ ఒత్తిడికి బొడ్డు దగ్గర మూసుకున్న దారి మళ్లీ తెరుచుకోవచ్చు. ఒకటి రెండోదాన్ని తెస్తుంది.

బొడ్డు: రోజుకు రెండుసార్లు వంగి చూడాల్సిన చోటు

కడుపులో ఉన్నప్పుడు పిల్ల ఉచ్చ మూత్రాశయం నుంచి ఒక సన్నని గొట్టం గుండా బొడ్డుతాడు దారిన బయటికి పోతుంది. దాన్ని డాక్టర్లు యురేకస్ అంటారు. పుట్టి బొడ్డుతాడు తెగగానే అది ముడుచుకుని మూసుకుపోవాలి. మూసుకోకపోయినా, మూసుకున్నది మళ్లీ తెరుచుకున్నా, పిల్ల ఉచ్చ పోసేటప్పుడు బొడ్డు దగ్గర్నుంచి కూడా చుక్కలో సన్న ధారో వస్తుంది.

పరీక్ష చాలా సులువు. శుభ్రమైన దూదితో బొడ్డు మొత్తం తుడిచి ఆరనివ్వండి, పిల్ల తాగి ఉచ్చ పోసేదాకా వేచి ఉండండి, పోస్తుండగా వంగి చూడండి. కొంచెం కారితే ధార కనపడదు, బొడ్డు చుట్టూ వెంట్రుకలు ఎప్పుడూ తడిగా అతుక్కుని ఉంటాయి, దూది అద్దితే వాసనే చెప్తుంది. రెండు మూడు రోజులకు ఎండాల్సిన బొడ్డు ఇంకా తడిగా ఉందంటే అది మామూలు కాదు.

అసలు ఈ తంటా చాలావరకు మనం చేతులారా తెచ్చుకునేదే. బొడ్డుతాడును కత్తితోనో బ్లేడుతోనో కోయొద్దు. తల్లి లేచినప్పుడో పిల్ల కదిలినప్పుడో పొట్టకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో దానంతట అదే తెగుతుంది, అక్కడ సహజంగానే సన్నగా ఉంటుంది. దారంతో బిగించి కట్టొద్దు, మురికి లోపలే ఉండిపోతుంది. రక్తం ఆగకుండా కారితే మాత్రం శుభ్రమైన వేళ్లతో నాలుగైదు నిమిషాలు నొక్కి పట్టండి. పసుపు, బూడిద, పేడ ఏదీ పెట్టొద్దు. మా పెద్దమ్మ పసుపు పెట్టకపోతే ఊరుకోదు, ఆమె చూడకుండా తుడిచేవాణ్ణి.

మందు విషయానికి వస్తే, 0.5 శాతం క్లోర్‌హెక్సిడిన్ మంచిది. రెండు శాతం ద్రావణం దొరికితే ఒక వంతుకు మూడు వంతులు కాచి చల్లార్చిన నీళ్లు కలపండి. చిన్న కప్పులో పోసి బొడ్డు మునిగేలా అద్దాలి, రోజుకు మూడు నాలుగుసార్లు, మూడు రోజులు. అది లేకపోతే పోవిడోన్ అయోడిన్ పనికొస్తుంది. ఘాటు టింక్చర్ అయోడిన్ మాత్రం వద్దు. చురుక్కుమంటే పనిచేస్తున్నట్టే అనుకుంటారు గానీ అది కండను కాలుస్తుంది, కాలిన చోటు ఊడి ఆ దారే మళ్లీ తెరుచుకుంటుంది.

బొడ్డు కారుతోంది, కానీ పిల్ల చురుగ్గా ఉంది, జ్వరం లేదు, వాపు లేదు అంటే గాభరా పడక్కర్లేదు. డాక్టర్‌కు చూపించి, యాంటీబయాటిక్ అవసరమా కాదా ఆయన్నే తేల్చమనండి, మీరు క్లోర్‌హెక్సిడిన్ అద్దుతూ పరుపు గడ్డి పొడిగా ఉంచండి. చాలావాటికి ఐదారు రోజుల్లో మూసుకుంటుంది. వారం దాటినా కారుతుంటే, లేదా స్కానింగ్‌లో లోపలి నాళాలు వాచి చీము కనపడితే ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేయాలి. ఇదివరకు కొందరు కండను కాల్చే మందు పెట్టి మూసేవాళ్లు. చీమున్న చోట పైన మూసేస్తే అది లోపలికే దారి చూసుకుంటుంది, ఎవరైనా కాలుస్తానంటే ముందు స్కానింగ్ అడగండి.

బొడ్డు వేడిగా, వేలంత లావై, నొక్కితే పిల్ల తన్నుతుంటే, జ్వరం 102 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే (మామూలుగా 99 నుంచి 102 ఉంటుంది) చీము పట్టినట్టే. ఆ చీము రక్తంలో కలిసి కీళ్లలోకి పోతుంది. వారం రోజుల పిల్ల కుంటుతుంటే అందరూ "తల్లి తొక్కింది" అంటారు. మోకాలో మడమో వాచి ఉంటే తల్లి మీద నింద వేయకండి, అది కీలులో చీము అనే అనుకుని అదే రోజు చూపించండి. గంటలు లెక్క.

బొడ్డు గాయంలోంచే ధనుర్వాతం కూడా వస్తుంది. తల్లికి టీకా వేయించకపోతే పిల్ల పుట్టగానే ఆ మాట డాక్టర్‌కు చెప్పండి, ఏ సూది, ఎప్పుడు వేయాలో ఆయన చూసుకుంటాడు.

పొట్ట: మేం ఓడిపోయింది ఇక్కడే

మూత్రాశయం చిరగడం ఎక్కువగా మగపిల్లల్లో చూస్తాం. పుట్టేటప్పుడు నిండుగా ఉన్న సంచి తల్లి కటి ఎముకల మధ్య నొక్కుకుపోతుంది, మగపిల్లకు ఉచ్చనాళం పొడవు, సన్నం, ఖాళీ అయ్యే దారి లేక పైగోడ చిరుగుతుంది. పిల్ల పెద్దదై కష్టంగా పుట్టినప్పుడు, బలంగా లాగినప్పుడు మరీ అనుమానించాలి. అయితే మామూలుగా సులువుగా పుట్టినదానికీ జరుగుతుంది, మాది అట్లాంటిదే. కొన్నింటికి పుట్టుకతో కాకుండా బొడ్డు ఇన్ఫెక్షన్ వల్లో, వేరే జబ్బుతో పడుకునే ఉండటం వల్లో వారం దాటాక కూడా ఆ గొట్టమో సంచో పగలొచ్చు.

మోసం ఎక్కడుందంటే, మొదటి రోజు పిల్లకు ఏమీ ఉండదు. తాగుతుంది, గంతులేస్తుంది. పొట్టలోకి ఉచ్చ చేరి చేరి, రెండో రోజు చివర్లోనో మూడో రోజో డల్ అవుతుంది, తాగడం తగ్గిస్తుంది, పొట్ట రెండు పక్కలా బేరిపండులా కిందికి జారుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. ఇంకో మోసం, చిరుగు చిన్నదైతే మామూలు దారిన కూడా కొంత ఉచ్చ వస్తుంది. "పొద్దున పోసింది కదా" అని నిశ్చింతగా ఉండొద్దు. ధారగా పోసిందా, చుక్కలుగా పోసిందా, ఎన్నిసార్లు ముక్కింది, ఎంత పడింది, అది చూడాలి.

ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. పిల్లను నిలబెట్టి ఒకరు తల పట్టుకోవాలి. మీ ఎడమ అరచేతిని పొట్టకు ఒక పక్క ఆనించి, కుడిచేతి వేళ్లతో రెండో పక్క చిన్నగా తట్టండి. నీళ్లు నిండిన తోలుతిత్తిని తట్టినట్టు అల ఎడమ అరచేతికి వచ్చి తగిలితే లోపల నీళ్లున్నట్టే. తగలకపోతే లేవని కాదు, కొద్దిగా ఉంటే చేతికి తెలియదు. ఇంకొకటి, గుండె. ఎడమ మోచేయి వెనక చెయ్యి పెడితే కొట్టుకోవడం తెలుస్తుంది. మొదటి వారంలో నిమిషానికి 80 నుంచి 120 ఉండాలి. జబ్బుగా ఉన్న పిల్లకు గుండె వేగం పెరగాల్సింది పోయి 60 కిందికి పడిపోయినా, ఆగి ఆగి కొట్టుకున్నా పొటాషియం గుండెను పట్టేసిందని అర్థం.

పొటాషియం ఎందుకంటారా? తల్లి పాలలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. మామూలుగా పిల్ల ఆ ఎక్కువైన పొటాషియాన్ని ఉచ్చలో పంపేస్తుంది. ఇక్కడ ఉచ్చ బయటికి పోకుండా పొట్టలో నిలబడింది, పొట్ట పొర దాన్ని తిరిగి రక్తంలోకి పీల్చుకుంటుంది. అందుకే రక్త పరీక్షలో సోడియం, క్లోరైడ్ పడిపోయి పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీలు ఉచ్చలో బయటికి పంపే మలినం) పెరిగి కనపడతాయి. ఈ నాలుగూ కలిసి కనపడ్డాయంటే సంచి చిరిగిందని గట్టి అనుమానం. చివరికి పిల్లను చంపేది పొట్ట ఉబ్బరం కన్నా ముందు ఈ పొటాషియమే.

తేల్చి చెప్పే పరీక్ష అంత ఖరీదైనదేం కాదు. డాక్టర్ సన్న సూదితో పొట్టలోంచి కొంచెం నీరు తీస్తాడు. ఆ నీటిలోనూ రక్తంలోనూ ఒకేసారి క్రియాటినిన్ చూడాలి. పొట్ట నీటిలో రక్తంలో కన్నా రెండింతలో అంతకన్నా ఎక్కువో ఉంటే అది ఉచ్చే, ఇక అనుమానం అక్కర్లేదు. జిల్లా కేంద్రంలో ఏ మామూలు ల్యాబ్‌లోనైనా క్రియాటినిన్ చేస్తారు, పెద్ద వాటిలో సోడియం పొటాషియం కూడా చేస్తారు. "గుర్రందా?" అని నవ్వుతారు, నవ్వనివ్వండి. రెండు ట్యూబుల మీద ఏది రక్తం, ఏది పొట్ట నీరు అని రాయడం మాత్రం మరవొద్దు. స్కానింగ్ దొరికితే ఇంకా త్వరగా తెలుస్తుంది, పొట్టంతా నల్లగా నీరు, మధ్యలో ముడుచుకుపోయిన సంచి.

ఒక్క క్రియాటినిన్ రిపోర్ట్ చూసి మాత్రం కిడ్నీలు పోయాయని ఏడవొద్దు. కడుపులో మాయ సరిగా పనిచేయని పిల్లలకు పుట్టగానే అది బాగా ఎక్కువగా ఉండి రెండు మూడు రోజుల్లో దానంతట అదే దిగిపోతుంది. మర్నాడు మళ్లీ చేయించండి, దిగుతోందా ఎక్కుతోందా అన్నదే అసలు విషయం.

ఆపరేషన్‌కు తొందర, కానీ అంతకన్నా ముందు పొటాషియం

సంచి చిరిగితే కుట్టాల్సిందే, మందులతో మానేది చాలా తక్కువ. కానీ అర్ధరాత్రి టేబుల్ మీద పడుకోబెట్టి వెంటనే మత్తిస్తే పొటాషియం ఎక్కువున్న గుండె అక్కడే ఆగిపోతుంది. అందుకే మంచి డాక్టర్ ముందు గంటల తరబడి సెలైన్ ఎక్కిస్తూ కూర్చుంటాడు, మనకేమో "ఇంకా మొదలుపెట్టరేంది" అని టెన్షన్. ఆయన టైమ్ వేస్ట్ చేయట్లేదు. నార్మల్ సెలైన్, దాంతో గ్లూకోజ్, గుండెను కాపాడటానికి నెమ్మదిగా కాల్షియం, అవసరమైతే పొటాషియాన్ని కణాల్లోకి తోసే ఇన్సులిన్ ఇస్తారు. ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే ఇంకో రకం సెలైన్) బాటిల్‌లో కొంత పొటాషియం ఉంటుంది కాబట్టి ఇక్కడ నార్మల్ సెలైన్‌కే ఎక్కువమంది మొగ్గు చూపుతారు. పొట్టలోకి గొట్టం వేసి ఉచ్చను మెల్లగా దించుతారు, ఒక్కసారిగా దించితే బీపీ పడిపోతుంది. పొటాషియం 5.5 కిందికి వచ్చాకే మత్తు.

ల్యాసిక్స్ ఇప్పుడు చెప్పండి, ఎక్కడ పనికొస్తుంది? చిరిగిన సంచికి అది తూటు పడ్డ కుండలో నీళ్లు పోయడమే, పైగా ఒంట్లో ఉన్న కాస్త నీరూ సోడియమూ లాగేస్తుంది. కిడ్నీ జబ్బులో డాక్టర్ సెలైన్‌తో ఒంట్లో నీరు సరిచేశాక, లెక్క చూసుకుని వాడే మందు అది. పొట్ట తట్టి చూడకుండా, బొడ్డు చూడకుండా ఎవరైనా సూది తీస్తే "సార్, సంచి చిరగలేదని ఎట్లా తెలుసు?" అని అడగండి. కోపం వస్తే రానివ్వండి.

ఉచ్చ వస్తోంది, రంగు బాగాలేదు

రెండో రోజు తర్వాత కూడా పచ్చగా, చిక్కగా, కొంచెంగా వస్తుంటే పిల్ల పాలు తాగట్లేదు. తల్లి కింద దూరి నిలబడుతుంది కాబట్టి తాగుతోందనే అనుకుంటాం. తల్లి పొదుగు పట్టి చూడండి, గట్టిగా నిండి పాలు కారుతుంటే పిల్ల తాగనట్టే. పిల్ల నుదురు, ముక్కు మీద పాలు ఎండి అట్టలు కట్టినా అంతే, చన్ను నోట్లో పట్టకుండా మొహం మీద చిమ్మించుకుంటోంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో రేకుల కొట్టంలో పుట్టిన పిల్లకు సగం పూట తాగకపోయినా ఒళ్లు ఎండిపోతుంది. పక్కనే పెట్టిన బకెట్ నీళ్లు దానికి అక్కర్లేదు, పాలే కావాలి. పిల్లకు చప్పరించే బలం లేకపోతే నోట్లో సీసాతో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టర్ ముక్కులోంచి గొట్టం వేసి ఇస్తాడు.

ఎర్రగానో, టీ డికాషన్‌లానో వస్తే వెంటనే చిగుళ్లు, కనురెప్పల లోపల చూడండి. పసుపుగా ఉంటే తల్లి జున్నుపాలలోని ప్రతిరోధకాలు పిల్ల రక్తకణాలను పగలగొడుతున్నాయని అర్థం. సాధారణంగా తల్లికి ఇది మొదటి కాన్పైతే రాదు, రెండు మూడు కాన్పులైన గుర్రానికి వస్తుంది, గాడిదతో దాటించి కంచరగాడిద పిల్లను కనేలా చేసినప్పుడు ఇంకా ఎక్కువ. పిల్లకు ఒకటి నుంచి ఐదు రోజుల్లో బయటపడుతుంది. మొదటి రోజు రెండో రోజైతే తల్లి కింద తాగనివ్వకుండా మూతికి చిక్కం కట్టి, తల్లి పాలు పిండి పారబోసి, వేరే పాలు పట్టాలి. పిల్లను పరుగెత్తించొద్దు, సూదులకని నలుగురు మీద పడి పట్టుకోవద్దు, దానికి ఉన్న కాస్త రక్తం శ్వాసకే చాలదు. రక్తం ఎక్కించాల్సి రావచ్చు. ఆ తల్లి మళ్లీ ఈనినప్పుడు పుట్టిన పిల్లను తన జున్నుపాలు తాగనివ్వకూడదు, వేరే గుర్రం జున్నుపాలు ముందే దొరికించుకోవాలి.

చిగుళ్లు పసుపుగా లేవు, పిల్ల లేవలేకపోతోంది, తొడ కండలు చెక్కలా బిగిసి ఉన్నాయి, ఉచ్చ కాఫీ రంగులో ఉందంటే సెలీనియం లోపంతో కండలు చెడటం కావొచ్చు. ఒక్కోసారి బొడ్డు లోపల రక్తం కారి సంచిలోకి దిగినా ఉచ్చలో ఎర్ర చారలు వస్తాయి, అవి ముదురు చిన్న గడ్డల్లా ఉంటాయి. వీటన్నిటికీ ఒక సీసాలో పట్టిన ఉచ్చ చాలా పనికొస్తుంది. పట్టడం ఎట్లాగంటే, పిల్ల నిద్ర లేచే టైమ్‌కు కడిగిన వెడల్పాటి గిన్నె పట్టుకుని పక్కన కూర్చోవడమే, నాకు తెలిసి వేరే చిట్కా లేదు.

మనం వేయించే మందులతో కిడ్నీలు పోవడం

ఇది చిన్నగా చెప్పి వదిలేసే విషయం కాదు గానీ, డాక్టర్‌తో మాట్లాడాల్సింది కాబట్టి సూటిగా చెప్తా. వంకర కాళ్లతో పుట్టిన పిల్లకు నరాలు వదులవ్వాలని ఎక్కువ మోతాదు ఆక్సీటెట్రాసైక్లిన్ ఇస్తారు. చీముకు జెంటామైసిన్, అమికాసిన్ ఇస్తారు. నొప్పికి ఫ్లూనిక్సిన్, మెలాక్సికం లాంటివి ఇస్తారు. ఇవన్నీ అవసరమైన మందులే. కానీ ఒంట్లో నీరు లేని పిల్లకు ఇస్తే కిడ్నీలు దెబ్బతింటాయి, రెండు మూడు కలిపి ఇస్తే మరీ. "సార్, పిల్ల సరిగా తాగట్లేదు, ఉచ్చ తక్కువుంది" అని సూదికి ముందే చెప్పాల్సింది మీరే, ఆయన వచ్చి చూసే పది నిమిషాల్లో ఉచ్చ పోయకపోవడం ఆయనకెట్లా తెలుస్తుంది? డైక్లోఫినాక్ అనే నొప్పి మందును పశువులకు వాడటం మన దేశంలో ఎప్పట్నుంచో నిషేధం, మనుషుల మెడికల్ షాపులో కొని పొడిచే అలవాటు మాత్రం పోలేదు.

పుట్టేటప్పుడు ఊపిరాడక తల్లిని గుర్తుపట్టకుండా, చప్పరించకుండా పడుకునే ఉండే పిల్లలుంటాయి. వాటికి సంచి చిరగకపోయినా, నిండి అట్లాగే ఉండిపోతుంది, ఖాళీ చేయాలన్న తెలివే ఉండదు. అట్లాంటిదాన్ని రెండు గంటలకోసారి లేపి నిలబెట్టండి, చాలాసార్లు నిలబడగానే పోసేస్తుంది. పోయకపోతే డాక్టర్ ఉచ్చ పైపు వేస్తాడు. పొట్ట మీద నొక్కి పోయించే ప్రయత్నం మాత్రం ఎవ్వరూ చేయొద్దు, బాగున్న సంచి కూడా పగులుతుంది.

ఆడపిల్లకు వెనక తొడలు ఎప్పుడూ తడిసి, వెంట్రుకలు ఊడి, తోలు ఎర్రబడి, అదే సమయంలో మామూలుగా కూడా ఉచ్చ పోస్తుంటే కిడ్నీ నుంచి వచ్చే నాళం సంచిలోకి కాకుండా వేరే చోట తెరుచుకుని ఉండొచ్చు. చాలా అరుదు, నేను చూడలేదు, కానీ ప్రాణం మీదికి వెంటనే రాదు, నిదానంగా పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవచ్చు.

బండి ఎక్కించేటప్పుడు

ముందు 1962కు (పశువుల అంబులెన్స్ నంబర్) ఫోన్ చేయండి, గుర్రప్పిల్ల అనీ, వయసు ఎన్ని గంటలనీ మొదటి మాటలోనే చెప్పండి. సంచి చిరిగిన అనుమానముంటే ఆపరేషన్‌కు హైదరాబాద్ పోవాల్సిందే, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఉంది. ఇటు మహబూబ్‌నగర్ నుంచైనా అటు నల్గొండ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు. బయల్దేరే ముందే ఫోన్ చేసి సర్జన్, మత్తు డాక్టర్ ఉన్నారా కనుక్కోండి, పండగ పూట పోయి గేటు దగ్గర నిలబడితే పిల్లకు మిగిలిన గంటలు అక్కడే అయిపోతాయి. వీలైతే ఇక్కడే ఒక సెలైన్ పెట్టించుకుని, రక్తం రిపోర్ట్ ఫోటో తీసి ముందే పంపండి.

టాటా ఏస్‌లో కింద వరిగడ్డి మందంగా వేసి పైన గోనె పట్టాలు పరవండి. పిల్లను పక్కకు పడుకోబెట్టకుండా రొమ్ము మీద కూర్చోబెట్టినట్టు పట్టుకోండి. పొట్టలో నీళ్లున్న పిల్ల పక్కకు పడుకుంటే ఆ బరువు ఊపిరి మీద పడుతుంది. తల్లిని వెంట తీసుకుపోతే ఇద్దరికీ మంచిది, మధ్యలో కర్ర అడ్డం కట్టండి, బ్రేక్ కొట్టినప్పుడు తల్లి వచ్చి పిల్ల మీద పడకుండా. ఎండాకాలమైతే రాత్రో తెల్లవారుజామునో బయల్దేరడం మేలు, కానీ గుండె నెమ్మదించిన పిల్లకు చల్లదనం కోసం ఆగకండి.

ఆపరేషన్ అయ్యాక ఉచ్చ పైపు ఒకటి రెండు రోజులు, కొన్నిసార్లు ఇంకాస్త ఎక్కువ ఉంచుతారు, కుట్టు మీద ఒత్తిడి పడకుండా. అది తీశాకే మీ అసలు కాపలా. కుట్టు ఒక్కోసారి మళ్లీ కారుతుంది. కాబట్టి మళ్లీ గోడ మీద టైమ్‌లు మొదలు, ఎన్నిసార్లు పోసింది, ధారా చుక్కలా, నడుము ఎట్లా పెట్టింది, పొట్ట చుట్టుకొలత ఎంత. పొట్టకు రోజూ ఒకే చోట దారం చుట్టి ముడి వేసి పెట్టుకుంటే కొలత మారడం కంటికి కనపడకముందే తెలుస్తుంది.

పోయిన ఏడు మా తెల్ల గుర్రానికి పుట్టిన పిల్లకు రెండో రోజు బొడ్డు తడిగా కనపడింది. స్కానింగ్‌లో చీము లేదన్నారు, ఏడు రోజులు క్లోర్‌హెక్సిడిన్ అద్దాం, ఎనిమిదో రోజు దూది పొడిగా వచ్చింది. ఆ గోడ మీద బొగ్గు గీతలు ఇంకా అట్లాగే ఉన్నాయి, మా కాక సున్నం వేస్తానంటే వద్దన్నాను.